గజానికి ఒక వేలు

ఆడవాళ్లకు బేల్దారి పని నేర్పడానికి నేను ఒప్పుకోలేదు, నన్ను ఒప్పించారు. ఈ తేడా ముందే చెప్పేస్తే తర్వాత జరిగినదాంట్లో నా గొప్పతనమేదో ఉందని ఎవరూ పొరబడరు.

నా పేరు పుల్లయ్య. ఊరు బేతంచెర్ల, పని చేసేది కడపలో. ఇళ్లు కట్టే పనిని మా వైపు బేల్దారి పని అంటారు. గోడ కట్టడం, ప్లాస్టరింగు అన్నీ వచ్చినా నాకు పేరు తెచ్చింది మాత్రం బండలు పరచడమే. అరవై ఒకటి నిండాయి. నాలాగా నేల పరిచేవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడని నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరూ అంటారు. కనీసం నా ఎదుట అంటారు.

పోయిన ఉగాది దాటాక కాంట్రాక్టరు రామాంజి ఒక నీలం పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పుడు మేము ఊరి బయట ఆడపిల్లల హాస్టలు ఒకటి కడుతున్నాం. ఆడకూలీలను మేస్త్రీల కింద పెట్టి ఆరు నెలలు పని నేర్పిస్తారట, శిక్షణ కేంద్రం వాళ్లు వచ్చి పరీక్ష పెడతారట, గట్టెక్కితే మేస్త్రీ అని కార్డు ఇస్తారట. నేర్చుకునే మనిషికి ఏ పని ఎంతవరకు వచ్చిందో ఆ పుస్తకంలో రాసి నేను సంతకం పెట్టాలి.

"నాకెందుకప్పా ఇవన్నీ?" అన్నాను.

"కొత్త మనిషి కాదులేన్నా, మన సిద్దమ్మే," అన్నాడు రామాంజి. "నువ్వు ఊ అంటే సరిపాయె. అనకపోయినా నేను పేరు రాయించేసినా."

సిద్దమ్మ పదకొండేళ్లుగా నా పనుల్లో గంప మోస్తోంది. మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, గంపకెత్తుకుని మేస్త్రీ దగ్గరికి తెచ్చి పోయడం ఆమె పని. వయసు ముప్పై ఏడు. మొగుడు గురుస్వామి మంగంపేట గనుల్లో టిప్పరు తోలుతాడు, వారానికొకసారి ఇంటికొస్తాడు. కూతురు ఇంటరు చదువుతోంది. పదకొండేళ్లలో ఆమె గురించి నాకు తెలిసింది ఇంతే. గంప ఆలస్యం కానంతవరకు మోసే మనిషి గురించి మేస్త్రీలకు అంతకన్నా తెలియాల్సిన పని పడదు.

మొదటి రోజు ఆమెను కూర్చోబెట్టి అడిగాను. "ఇంత వయసొచ్చినాక నీకెందుకమ్మే ఈ తాపీ?"

"మెడ నొప్పి లేస్తాందన్నా," అంది. "ఇంకో మూడేండ్లు మోస్తానేమో. ఆమీద నన్నెవరు పిలుస్తారు? నలభై దాటిన ఆడదాన్ని గంపకు పిల్చినోళ్లను యాడన్నా చూసినావా? నీకు అరవై దాటినా పిలుస్తానే ఉండారు గదా."

జవాబు లేనప్పుడు మేస్త్రీలు చేసేదే చేశాను. పోయి ఇసుక జల్లెడ పట్టమన్నాను.

నేర్పడమంటే మా పనిలో కూర్చోబెట్టి చెప్పడం కాదు. మేస్త్రీ చేస్తుంటాడు, పక్కనున్నవాడు చూస్తుంటాడు. తప్పు చేస్తే తిడతాం. తిట్టకపోతే మెచ్చుకున్నట్టు లెక్క. నేనైతే నా గురువు చేతిలో తాపీ పిడితో దెబ్బలు తిని నేర్చుకున్నాను. సిద్దమ్మను కొట్టలేను కాబట్టి రెండింతలు తిట్టాను. ఆమె తల వంచుకుని విని, తప్పు దిద్దుకుని, మళ్లీ అదే తప్పు చేసేది కాదు. అది నాకు కొంచెం కష్టంగానే ఉండేది. మా అక్క కొడుకు ఓబుళేశు ఇప్పుడు పెద్ద మేస్త్రీ అయ్యాడు గాని, వాడికి గోడ నిలువుగా కట్టడం రావడానికి ఏడాదిన్నర పట్టింది. సిద్దమ్మకు నెలన్నరలో వచ్చింది. ఈ సంగతి నేను ఓబుళేశుకు చెప్పలేదు, సిద్దమ్మకూ చెప్పలేదు.

ఐదో నెల చివర స్నానాల గది వచ్చింది. పరీక్షకు ఆమె సొంతంగా చేసి చూపించాల్సిన పని అదే. పొడవు పదిహేను అడుగులు, వెడల్పు ఆరు. ఈ చివర తలుపు, ఆ చివర గోడ కింద నీళ్లు పోయే తూము. పిల్లలు జారకుండా గరుకు బండలు పరచాలి. గరుకు బండ మీద నీళ్లు ఊరికే కదలవు, వాలు బాగా ఉండాలి. మామూలు గదికి మట్టం తెలిస్తే చాలు, స్నానాల గదికి వాలు తెలియాలి. బండలు పరిచేవాడి పనితనం అక్కడే బయటపడుతుంది.

వాలుకు నా లెక్క ఒకటే. తలుపు దగ్గర దారం కట్టి, గజం పోయాక ఆ దారాన్ని ఒక వేలు మందం కిందికి దించాలి. ఇంకో గజం పోయాక ఇంకో వేలు. అట్లా తూము వరకు. చూపుడు వేలు గోడకానించి, దాని పైఅంచు దగ్గరా కింది అంచు దగ్గరా గీత గీసి చూపిస్తాను. నా గురువు నాకు నేర్పింది అదే, నేను ఇరవై మందికి నేర్పింది అదే.

"గజానికి ఒక వేలు," అన్నాను సిద్దమ్మతో. "అంతకంటే ఎక్కువొద్దు, తక్కువొద్దు. నేను ఇటు పక్కకు గూడా రాను. అయిపోయినాక నీళ్లు పోసి చూస్తా."

"సరేన్నా," అంది.

గురు, శుక్రవారాల్లో ఒక్కతే పరిచింది. శనివారం పొద్దున నేనూ, రామాంజీ, ఓబుళేశూ వెళ్లి చూశాం. బండకూ బండకూ మధ్య సందు గీత గీసినట్టు తిన్నగా ఉంది. మూలలు తప్పలేదు. లోపల సంతోషపడ్డానని ఒప్పుకోవాలి. బకెట్టు తీసుకుని తలుపు దగ్గర నీళ్లు కుమ్మరించాను.

నీళ్లు బయల్దేరాయి. రెండు గజాలు పోయాక నడక మందగించింది. గది నడుమకు వచ్చి, అక్కడే పరుచుకుని నిలబడ్డాయి. తూము దాకా పోయింది చెంబెడు కూడా లేదు. ఇంకో బకెట్టు పోశాను. నడుమ మడుగు ఇంకొంచెం పెద్దదైంది.

ఓబుళేశు నవ్వాడు. ఆ నవ్వే నాకు కోపం తెప్పించిందేమో, ఇప్పుడాలోచిస్తే అట్లాగే అనిపిస్తుంది. నా శిష్యురాలు నా మేనల్లుడి ముందు నా పరువు తీసిందనుకున్నాను.

"వారం దినాలుగా నోరు నొప్పి పుట్టేట్టు చెప్పినా గదమ్మే, గజానికి వేలని," అన్నాను. "గంప మోసే చేతులకు వాలు యాడ తెలుస్తాది? మోసుకో పో. నీకు అదే రాసిపెట్టింది."

ఆ మాట నేనే అన్నాను. పనివాళ్లు పదిమంది విన్నారు. సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ల మడుగు వైపే చూస్తూ నిలబడింది.

కోపం అంతటితో దిగలేదు. నీలం పుస్తకం తెప్పించి, నేల వాలు అని ఉన్నచోట 'వాలు రాదు' అని రాసి సంతకం పెట్టాను. ఆ ఐదు నెలల్లో ఆ పుస్తకంలో నేను చదివి పెట్టిన సంతకం అదొక్కటే.

రామాంజి గడ్డం గోక్కున్నాడు. "సోమవారం మధ్యాన్నం ఆ మేడం వస్తాది. ఇది చూసిందంటే కార్డు లేదు. ఈ నేలను మళ్ల ఓబుళేశుతో పరిపిస్తాలే," అన్నాడు. తర్వాత సిద్దమ్మ వైపు తిరిగి, "ఏం బాధపడాకు. మంగళవారం నుంచి గంపకే వచ్చేయి. నీకు తెలిసిన పనే గదా," అన్నాడు. ఆయన ఓదార్పుగానే అన్నాడు.

సాయంత్రం ఇంట్లో మా ఆవిడ సుబ్బక్కకు జరిగిందంతా చెప్పాను. తప్పంతా సిద్దమ్మదే అయ్యేలా చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ వింది.

"ఆయమ్మ చేసింది తప్పా, నువ్వు చెప్పింది తప్పా?" అంది.

"ముప్పై ఏండ్లుగా అందరికీ చెప్పిందే చెప్పినా."

"ముప్పై ఏండ్లుగా నేను జేసే సంగటే. ఒక్కోనాడు గట్టిపడతాది, ఒక్కోనాడు పలచబడతాది. నీది మాత్రం ఎప్పుడూ ఒకే తీరా?"

ఆడవాళ్లందరూ ఒకటైపోయారని అనుకుని ముసుగుదన్ని పడుకున్నాను.

ఆదివారం పని ఉండదు. పొద్దున ఏడు గంటలకు ఫోను మోగింది. సిద్దమ్మ.

"అన్నా, ఒక్కసారి హాస్టలు కాడికి రా. తిట్టేది ఉంటే ఆడికొచ్చినాక తిట్టుదువు."

వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు తెలుసు. 'నీకు అదే రాసిపెట్టింది' అన్న మాట నిద్రలోనూ నన్ను వదల్లేదు.

స్నానాల గదిలో సిద్దమ్మ మళ్లీ దారం కట్టి ఉంచింది. చేతిలో సుద్దముక్క ఉంది. రాత్రి బాగా ఏడ్చిందేమో, కళ్లు ఉబ్బి ఉన్నాయి. కాని ఇప్పుడు ఆ కళ్లలో ఉన్నది ఏడుపు కాదు.

"నీ వేలు ఈ గోడకు పెట్టన్నా," అంది.

చూపుడు వేలు ఆనించాను. పైనా కిందా గీత గీసింది. దాని పక్కనే తన వేలు పెట్టి గీసుకుంది. నన్ను వెనక్కి జరిగి చూడమంది.

నా గీతల మధ్య సందులో ఆమె వేలు పోగా, ఇంకో సగం వేలు పట్టే జాగా మిగిలింది.

ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట బేతంచెర్లలో లారీలోంచి బండ జారి ఆ వేలు మీద పడింది. ఎముక నలిగి, వంకరగా అతుక్కుని, వేలు బొటనవేలి కన్నా లావైపోయింది. గోరు మళ్లీ రాలేదు. రోజూ నా కళ్ల ముందున్న వేలే. అది అందరి వేళ్లలాంటిది కాదనే సంగతి నేను ఎప్పుడో మరిచిపోయాను.

"ఐదు గజాలకు ఐదు సార్లు," అంది సిద్దమ్మ. "టేపు పెట్టి చూసినా. నీ లెక్కకూ నా లెక్కకూ తూము కాడికి పోయేటప్పటికి అంగుళమున్నర తేడా వస్తాంది. నువ్వు చెప్పినట్టే చేసినానన్నా. ఒక్క ఎంట్రుక తప్పలేదు. నువ్వు వేలన్నావు, నేను నా వేలు పెట్టినా. నిన్నంతా నాకు చేతకాదని ఏడ్చుకుంటి. నువ్వు అంతమంది ముందర అంటివి."

నాకు దొరికిన మాట సరైంది కాదు.

"మరి ఓబుళేశుకు ఎట్ల కుదురుతాంది?" అన్నాను. "వాని వేలూ మామూలుదే గదా."

అక్కడి నుంచే వాడికి ఫోను చేశాను. స్పీకరు పెట్టాను. వాడు నీళ్లు నములుతూ చెప్పాడు.

"నీకు తెలుసనుకున్నాలే మామా. వేలి కింద రెండు అగ్గిపుల్లలు అడ్డంపెట్టి కొలుస్తాం. అప్పుడు నీ వేలంత అవుతాది. నాకు చిన్న ఈరన్న చెప్పినాడు. ఆయప్పకు ముందోళ్లు ఎవరో చెప్పినారు. నీ కాడ నేర్చుకున్నోళ్లందరమూ అంతే. టీ అంగట్లో ఎప్పుడూ చెప్పుకునేదే గదా ఇది."

నా శిష్యులందరి జేబుల్లో అగ్గిపెట్టె ఉండేది బీడీల కోసమని అనుకున్నాను. బీడీ అలవాటు లేనివాడు కూడా అగ్గిపెట్టె ఎందుకు మోస్తున్నాడో ఒక్కసారైనా ఆలోచించలేదు.

"సిద్దమ్మకు ఎందుకు చెప్పలేదురా?"

"ఆయమ్మ టీ అంగట్లో కూర్చుంటాదా ఏంది మామా చెప్పేదానికి? అడిగింటే చెప్పేవాళ్లం."

అడగాలంటే అడగాల్సింది ఒకటుందని ముందు తెలియాలి. ఆడవాళ్లు టీ తాగడానికి అంగట్లోకి రారు, పనిచేసే చోటికే గ్లాసు తెప్పించుకుని ఏ గోడ నీడనో తాగుతారు. నేను నేర్పుతున్నానని విర్రవీగిన విద్యలో సగం, నాకే తెలియకుండా, టీ అంగట్లో నేర్పుతున్నారు. ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు.

"సరే, నువ్వు ఇప్పుడే వచ్చేయి," అన్నాను ఓబుళేశుతో. "ఇంకో ఇద్దరిని పిల్చుకరా. ఈ బండలు లేపి మళ్ల పరచాల. సిద్దమ్మ పరుస్తాది, మీరు మాలు కలిపి అందియ్యండి."

"ఆడమనిషికి నేను గంప అందియ్యాల్నా? నేను మేస్త్రీని మామా. ఆదివారం పూట ఎవరూ రారు. వచ్చినా దీనికైతే రారు," అని పెట్టేశాడు.

సిద్దమ్మ దారం చుట్టడం మొదలుపెట్టింది. "వద్దులేన్నా. నేనే కలిపి, నేనే మోసుకుని, నేనే పరచాలంటే మూడు దినాలు పడతాది. మేడం రేపే వస్తాది," అంది. కోపమంతా చల్లారిపోయిన గొంతు అది. దానికన్నా తిట్టి ఉంటే బాగుండేది.

నేనే పరిచేస్తే సాయంత్రానికి అయిపోతుంది. ఆ ఆలోచన వచ్చింది. కాని అది నా నేల అవుతుంది. మంగళవారం ఆమె నెత్తిన గంపే ఉంటుంది.

"బండలు లేపు," అన్నాను. "మాలు నేను తెస్తా."

ఆమె నమ్మలేదు. నేను చొక్కా విప్పి గోడకు తగిలించాక నమ్మింది.

బండలు పరిచి రెండు రోజులే కాబట్టి గడ్డపార ముక్కుతో తడితే లేచి వచ్చాయి. తలుపు దగ్గరి మొదటి వరస కదిలించలేదు. అడుగున బిగుసుకున్న మాలును ఆమె చెక్కి తీసింది. నా వేలి మందాన్ని టేపుతో కొలిచి, అంత మందం ఉన్న చెక్కముక్క ఒకటి కోసి పక్కన పెట్టుకుంది. నేను గేటు దగ్గరికి పోయాను. ఇసుక, సిమెంటు అక్కడే ఉన్నాయి, లారీలు లోపలికి రాలేవు. గేటుకు ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల టీ అంగడి. ఆదివారం పొద్దున కడపలో పని లేని బేల్దార్లందరూ ఆ అంగడి బల్లల మీదే ఉంటారు.

మొదటి గంప భుజం మీద పెట్టుకుని వెళ్లాను. రెండోది కూడా. మూడోసారి సిద్దమ్మ తల తిప్పకుండానే అంది, "భుజం మీదైతే పది గంపలకు పడిపోతావు. నెత్తిన పెట్టుకో. నా చుట్టకుదురు ఆ కిటికీలో ఉండాది. సగమే నింపుకో."

ఆమె పాత చీర ముక్కతో చుట్టుకున్న ఆ కుదురు నెత్తిన పెట్టుకుని, దాని మీద సగం గంప ఎత్తుకున్నాను. మాలులోని నీళ్లు మెడ మీదుగా వీపులోకి కారాయి. సిమెంటు నీళ్లు చెమటతో కలిసి మండాయి. తల కదపకుండా, కింద రాళ్లు చూడకుండా, పాదంతో నేల తడుముకుంటూ నడవాలి. నలభై ఏళ్లుగా నా పక్కన గంప దించిన ఆడవాళ్లందరూ ఇట్లాగే నడిచి వచ్చారు. నేను ఏ రోజూ వాళ్ల మెడ వైపు చూడలేదు, గంప వైపే చూశాను.

టీ అంగడి నుంచి నవ్వులు వినిపించాయి. ఎవడో ఈల వేశాడు. ఓబుళేశు కూడా అక్కడే ఉన్నాడు, ఫోను ఎత్తి పట్టుకుని నన్ను వీడియో తీస్తున్నాడు. గేటు దాటి గది దాకా వెనకాలే వచ్చాడు కూడా. "మామకు ప్రమోషన్ వచ్చినాదప్పోయ్," అంటున్నాడు. నేను తల తిప్పలేదు. ఎట్లా తిప్పుతాను, నెత్తిన గంప ఉంది.

మధ్యాహ్నానికి సగం నేల అయింది. సిద్దమ్మ తెచ్చుకున్న సంగటి, ఊరిబిండి పచ్చడి ఇద్దరం పంచుకున్నాం. నా మెడ ఒక పక్కకు తిరగడం మానేసింది. కళ్లలో నీళ్లొచ్చాయి, అవి నొప్పివేనని సర్దిచెప్పుకున్నాను.

"పదకొండేండ్లు ఎట్ల మోసినావమ్మే ఇది?" అని అడిగాను.

సిద్దమ్మ ముద్ద మింగి, నీళ్లు తాగి, తాపీగా చెప్పింది. "గంప దించేటప్పుడు నీ పక్కనే నిలబడొచ్చు గదన్నా. కాలీ గంప తీసుకునేదాకా నీ చేతిని చూసేదాన్ని. బండను ఎట్ల ఆనిస్తావు, ఏ మూల ముందు తడతావు. అంతలోకే నువ్వు, ఏం నిలబడినావు పో అనేవాడివి. ఇంకో గంప తెస్తే ఇంకోసారి చూడొచ్చని బిరబిరా పోయి తెచ్చేదాన్ని."

నేను ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. సిద్దమ్మ పనిలో చురుకని రామాంజి దగ్గర ఎన్నోసార్లు మెచ్చుకున్నాను. ఆ చురుకు గంప మీద ప్రేమ అని అనుకున్నాను కాబోలు.

"గ్లాసెడు నీళ్లియ్యి," అన్నాను. క్షమించమని అడగడం ఎట్లాగో నాకు ఎవరూ నేర్పలేదు. అయినా అడిగాను. "నిన్న అన్న మాట తప్పమ్మా. అనకూడని మాట."

"తప్పే," అంది సిద్దమ్మ, నీళ్లు అందిస్తూ. "మాలు గట్టిపడతాది, లెయ్యి."

ఐదు గంటలకు చివరి బండ తూము పక్కన కూర్చుంది. సందుల్లో సిమెంటు పాలు పోసి ఆమే తుడిచింది. ఆ రోజు నేను తాపీ ముట్టుకోలేదు.

సోమవారం మూడింటికి శిక్షణ కేంద్రం నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. పేరు సాహితి, వయసు పాతికో పాతిక మీద ఒకటో. రామాంజి, ఓబుళేశు, పనివాళ్లందరూ చేరారు. బకెట్టు నీళ్లు సాహితే పోసింది. నీళ్లు ఎక్కడా ఆగకుండా బండల మీద జారుతూ పోయి తూములో పడ్డాయి. నాలుగు మూలల్లోనూ పోసింది. ఒక్క చోటా నిలవలేదు.

సిద్దమ్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది. అప్పుడు సాహితి నీలం పుస్తకం తెరిచింది. చదివి, నా వైపు చూసింది.

"శనివారం వాలు రాదని మీరే రాశారు మేస్త్రీ. నిన్న ఆదివారం ఒక్కరోజులో వచ్చేసిందా?" అంది. మర్యాదగానే అడిగింది. "నిన్న మీరూ ఇక్కడే ఉన్నారని వాచ్‌మన్ చెప్పాడు. నేను వేరే రెండు చోట్ల మీరు పరిచిన నేల చూశాను. ఇది అచ్చం మీ చేతి పనిలాగే ఉంది. మీరు చేసిన పనికి ఆమెకు కార్డు ఇవ్వలేను కదా."

సిద్దమ్మ నోరు తెరిచి ఏం చెప్పినా ఆ గదిలో ఎవరూ నమ్మరు. నేను చెబితేనైనా నమ్ముతారా అంటే, జాలిపడి చెప్తున్నానంటారు.

నేను చూపుడు వేలు చాపి చూపించాను. అంతా చెప్పాను. వేలి సంగతి, నా లెక్క సంగతి, శనివారం నేనన్న మాటతో సహా. "తప్పు నేర్పింది నేను మేడం. ఆయమ్మ నేను చెప్పినట్టే చేసింది. నిన్న పరిచింది గూడా ఆయమ్మే. నేను మాలు అందిచ్చినా, అంతే."

ముప్పై ఏళ్లుగా శిష్యులు నా వెనక నవ్వుకుంటున్న సంగతిని వాళ్ల ముందే నా నోటితో చెప్పుకోవడం చేదుగా ఉంది. రామాంజి నేల వైపు చూస్తున్నాడు.

"మీరు మాలు అందించారా?" అంది సాహితి. నవ్వాలో వద్దో తేల్చుకోలేని ముఖంతో.

అప్పుడు ఓబుళేశు గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి, కాసేపు వేలితో నెట్టి, సాహితి చేతికిచ్చాడు. "నవ్వుకునేదానికి తీసినా మేడం. మా బేల్దార్ల గ్రూపులో గూడా పెట్టినా," అన్నాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

వీడియోలో నేను వంకర మెడతో గంప ఎత్తుకుని గేటు దాటి నడుస్తున్నాను. ఓబుళేశు నవ్వు, వాడి మాటలు వెనక వినిపిస్తున్నాయి. నేను స్నానాల గది తలుపు దగ్గరికి వచ్చాను. లోపల సిద్దమ్మ గొంతుక్కూర్చుని బండ తడుతోంది. తల ఎత్తకుండా ఎడమ చెయ్యి చాపింది. నేను గంప దించాను. ఆమె మాలు తాపీతో లాగి, పరిచి, పక్క బండ ఎత్తి ఆనించింది. నేను ఖాళీ గంప తీసుకోకుండా అక్కడే నిలబడి ఆమె చేతినే చూస్తున్నాను. నిలబడ్డానని నాకు గుర్తే లేదు.

సాహితి వీడియోను రెండుసార్లు చూసింది. తర్వాత పుస్తకంలో నా పాత రాతకు అడ్డగీత గీసి, పక్కన తన సంతకం పెట్టింది. "సిద్దమ్మ గారూ, వచ్చే నెల కార్డు తీసుకోవడానికి మీరే రావాలి," అంది. సిద్దమ్మను గారూ అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి. సిద్దమ్మ తల ఊపింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

చివరి పేజీ నా ముందుకు వచ్చింది. మేస్త్రీ పేరు, ఊరు రాశాను. కింద 'శిక్షణ పొందిన కాలం' అని ఉంది, పక్కన ఖాళీ. నేను అందులో పదకొండేళ్లు అని రాశాను.

"ఆరు నెలలు అని రాయాలి మేస్త్రీ," అంది సాహితి.

"మీ లెక్కకు ఆరు నెలలని మీరు వేరేచోట రాసుకోండి మేడం," అన్నాను. "నా సంతకం మాత్రం దీని కిందే పెడతా."